వరస కాని సంబంధం

మా అమ్మాయి పెళ్ళి మాట వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి సరిగ్గా మాటల్లేవు. అమ్మాయిది హైదరాబాదులో ఉద్యోగం. అక్కడే పనిచేసే ఖమ్మం వైపు అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయి బుద్ధిమంతుడు, మా కులమే, ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. వచ్చిన చిక్కల్లా ఒకటే. వాళ్ళ ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటి. గోత్రమూ ఒకటే.

ఆ మాట చెవిన పడగానే మా ఆయన తింటున్న కంచం ముందునుంచి లేచాడు. "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటే? మతి గానీ పోయిందా మీకు?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ కుటుంబానికీ మాకూ ఏ తరంలోనూ రాకపోకల్లేవు. వాళ్ళ ఊరి పేరు కూడా మేం అప్పుడే విన్నాం. అయినా సరే, ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల కింద లెక్కేనని మా వైపు పట్టింపు. ఆ పట్టింపు కొంచెం సడలించమంటే ధర్మం మంటగలిసినట్టు మాట్లాడతారు.

మా ఆయనంటున్నా గానీ ఆయన నాకు మేనమామ. మా అమ్మకి స్వయానా తమ్ముడు. నా చిన్నప్పుడు పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. మా అమ్మమ్మే నాకు అత్తగారైంది. ఇప్పటికీ మావయ్యా అనే పిలుస్తా, ఇంకో పిలుపు నాకు నోరు తిరగలేదు. మా ఇళ్ళల్లో ఇది వింతేం కాదు. పొలం పోదు, పిల్ల పోదు అని మేనరికాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. నాకు ఇంటర్ అయిపోయిన వేసవిలో మంచి రోజు చూశారు, చేశారు, అంతే.

అమ్మాయి మాత్రం రాయిలా నిలబడింది. "నాన్న రాకపోతే రిజిస్టర్ ఆఫీసులో చేసుకుంటాం అమ్మా. వేరే సంబంధం మాత్రం చూడొద్దు" అని ఫోన్లో చెప్పింది. దాని గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. తండ్రి లేకుండా అది పెళ్ళి చేసుకుంటే ఆ తర్వాత ఈ ఇంటి గడప తొక్కదు. మా ఆయన పిలవడు, అది రాదు. ఇద్దరిదీ ఒకే రక్తం, నాకు తెలియదా? నా కూతురి పెళ్ళి దాని తండ్రి ముందే జరగాలని, దొంగచాటుగా జరగకూడదని నేనూ పంతం పట్టా.

ముందు జగ్గయ్యపేటలో మా పురోహితుడి దగ్గరికి వెళ్ళా. ఆయన విసుక్కుంటాడనుకున్నా గానీ, నింపాదిగా విని, "దానికీ మార్గం ఉందమ్మా. వేరే గోత్రం దంపతులు ఎవరైనా అమ్మాయిని దత్తత చేసుకుని కన్యాదానం చేస్తే సరి" అన్నాడు. ఇంటికొచ్చి అదే చెప్పా. మా ఆయన గయ్యిమన్నాడు. "నా పిల్లని ఇంకొకళ్ళ పిల్లంటే ఒప్పుకుంటానా? అయినా ఊళ్ళో నలుగురూ ఏమంటారు?" అన్నాడు. చూశారా, శాస్త్రం దగ్గర మొదలైనవాడు నలుగురి దగ్గర తేలాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక స్కూల్లో సెలవు పెట్టి, అక్కడి కోర్టులో వకీలుగా చేసే ఒకావిడని కలుద్దామని నందిగామ బస్సెక్కా. నేను హైస్కూల్లో సోషల్ చెప్తా. చట్టం ముందు అందరూ సమానమేనని ఏటా బోర్డు మీద రాస్తా, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. అలాంటిదాన్ని, నా ఇంటి సంగతి చట్టాన్ని అడగాలన్న ఆలోచనే అన్నాళ్ళూ రాలేదు. చిల్లకల్లు దాటి హైవే మీద పోతున్నంతసేపూ, వకీలమ్మ కుదరదంటే ఏం చెయ్యాలా అనే గుబులు.

కోర్టు పక్క సందులో ఆఫీసు ఆవిడది. నా కంటే చిన్నది. నేను చెప్పిందంతా విని నవ్వింది. "చట్టానికి ఇంటిపేరుతో పన్లేదండి, గోత్రంతోనూ పన్లేదు. రక్తసంబంధం దగ్గరిదా కాదా, అంతే చూస్తుంది" అంది. హమ్మయ్య అనుకున్నా. "మరి ఎవరెవరు చేసుకోకూడదంటారు?" అని ఊరికే అడిగా. ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. "అన్నాచెల్లెళ్ళు, మేనమామ మేనకోడలు, అత్త మేనల్లుడు..."

నా చెవులు నేనే నమ్మలేదు. "మేడమ్, మా ఆయన మా అమ్మకి తమ్ముడు" అన్నా.

ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత, "కంగారు పడకండి. ఆచారం ఉంటే చెల్లుతుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. మన వైపు ఆ ఆచారం ఉంది కాబట్టి మీ పెళ్ళికి వచ్చిన ఇబ్బందేం లేదు" అంది. టీ తెప్పించింది. తాగా గానీ రుచి తెలియలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచించా. నా పెళ్ళిని చట్టం వద్దంటే ఆచారం కాపాడింది. నా కూతురి పెళ్ళికి చట్టం సరేనంటే ఆచారం అడ్డం పడుతోంది. నాకు చట్టం మీద కోపం రాలేదు. ఇన్ని కులాలు, ఇన్ని నమ్మకాలున్న దేశంలో అందరినీ ఒక్క దెబ్బకి కాదనలేక, మీ ఆచారం మీదేనని చోటు వదిలింది. అలా వదిలిన చోట్లో పెద్దవాళ్ళు కూర్చుని ఆడపిల్లల తరఫున వాళ్ళే మాట్లాడేశారు. ఎవరి ధర్మం వాళ్ళు పాటించుకోవడం వేరు, దాన్ని పట్టుకుని పక్కవాళ్ళ కాళ్ళకి అడ్డం వెయ్యడం వేరు. ఈ తేడా నా కూతురి దగ్గరైనా నిలబెట్టాలనుకున్నా.

ఇంటికొచ్చేసరికి మా ఆయన చేలోంచి వచ్చి వరండాలో కాళ్ళు కడుక్కుంటున్నాడు. తువ్వాలు అందించి, "మావయ్యా, దేశం చట్టంలో మన వరస చేసుకోకూడని వరసంట. దానిది చేసుకోవచ్చంట" అన్నా. ఆయన నమ్మలేదు. "ఎవరో నీకు ఎక్కించి పంపారు" అని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే, పొలానికని చెప్పి తనే నందిగామ వెళ్ళాడు. మిరప పురుగుమందులకి కూడా ఇంకొకరిని పంపే మనిషి. ఆయనకి తెలిసిన ప్లీడరుగారు ఒకాయన ఉన్నాడక్కడ. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. మొహంలో కాస్త ధీమా కనిపించింది.

"మన పెళ్ళి చెల్లుతుందంట. కోర్టు అడిగినా ఆచారం ఉందని చెప్తే సరిపోద్దంట" అన్నాడు.

"ఎవరు చెప్పాలంట?"

"ఎవరేంటి, పెద్దవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు. నేను చెప్తా."

"అంటే అందర్నీ అడుగుతారు. బానే ఉంది. అప్పుడు నన్నెవరన్నా అడిగారా మావయ్యా?"

ఈయన చెడ్డవాడు కాదు. నన్ను ఏనాడూ చెయ్యెత్తి కొట్టలేదు, బీఈడీ చదివించాడు. అయినా ఆ ప్రశ్న నా లోపల ఇన్నేళ్ళూ ఉందని నాకే ఆ క్షణం దాకా తెలియదు. "శాస్త్రం దారి చూపించింది. చట్టం దారి చూపించింది. ఇప్పుడు అడ్డంగా ఉన్నది నువ్వొక్కడివే" అన్నా.

ఆయన మంచం పట్టెమీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి తలెత్తకుండానే, "ఇప్పుడడిగితే ఏం చెప్తావే?" అన్నాడు.

నా దగ్గర జవాబుంది. చెప్పి ఆయన్ని కష్టపెట్టనూ వచ్చు, అబద్ధమాడి సంతోషపెట్టనూ వచ్చు. రెండూ చెయ్యదలుచుకోలేదు.

"నన్నడగాల్సిన రోజు అయిపోయింది మావయ్యా. దాన్నడుగు" అని నా ఫోను కలిపి ఆయన చేతికిచ్చా.

అమ్మాయి ఎత్తింది. "అమ్మా" అంది.

"నేనే" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. మా అమ్మమ్మ ఫొటో వైపు ఒకసారి చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత, మా ఇంట్లో ఏ ఆడపిల్లనీ ఎవరూ అడగని మాట అడిగాడు.

"నీకు ఇష్టమేనా అమ్మా?"