ఒకే తాను గుడ్డ

హైదరాబాద్ వెళ్లి, మెట్రోలో, సిటీ బస్సుల్లో తిరిగి రావాలని మా ఇంట్లో ప్లాను నడుస్తోంది. పిల్లలు ఫోన్లో రూట్లు వెతుకుతుంటే, నేను సంచీ కోసం పాత ట్రంకు పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసనతో పాటు నా చిన్నప్పటి ఆకుపచ్చ గళ్ళ చొక్కా బయటపడింది.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది ఇలాంటిది. మమ్మల్ని మొదటిసారి వైజాగ్ తీసుకెళ్లేటప్పుడు అమ్మ వేసిన ప్లాను ఇదొక్కటే. నర్సీపట్నంలో ఒక తాను కొని, పిల్లలందరికీ అదే గుడ్డ కుట్టించింది. బ్యాండు మేళంలా ఉన్నామని వీధి వీధంతా నవ్వింది.

వైజాగ్ కాంప్లెక్స్ దగ్గర సిటీ బస్సు కదిలాక చూస్తే తమ్ముడు లేడు. అమ్మ కేక పెట్టేలోపే వెనక తలుపు దగ్గర్నుంచి కండక్టర్ గొంతు వినిపించింది.

"ఈ గుంటడు మీవోడే కదేటమ్మా? కింద దిక్కులు సూస్తన్నాడు. గుడ్డ సూసి ఎక్కించేసినాను."

బీచి వచ్చేదాకా అమ్మ తల ఎత్తుకునే కూర్చుంది.

ఇవాళ పిల్లలు వాళ్ళ రూటు చూపించారు. బాగుందన్నాను. తర్వాత బజారుకెళ్లి, ఇంటిల్లిపాదికీ సరిపడా ఒకే తాను చూపించమన్నాను.