రెండు మెట్లు పైన

మా మాస్టారు పోయారని ఆయన పెద్దమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఆయన. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి మాత్రం పౌరాణిక నాటకాల్లో రాజు వేషమంటే ఆయనే. ఆయన పద్యం ఉందంటే ద్రాక్షారామం నుంచి కూడా సైకిళ్ళేసుకుని వచ్చేవారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మిత్రులు అడిగారు. మంచి మాటలు చాలా ఉన్నాయి. వాటితోపాటు ఇన్నేళ్ళూ నేను కడుపులో దాచుకున్న మాట కూడా ఒకటుంది. అది రాయకపోతే మిగతావన్నీ దొంగమాటలే అవుతాయి.

తొంభైల్లో మా నాటక సమాజం హార్మోనిస్టు మంచాన పడితే, కొత్తగా కీబోర్డు కొన్న నన్ను మాస్టారే పిలిపించారు. ఆ పెట్టె చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ఒక బటన్ నొక్కితే వేణువు, ఇంకోటి నొక్కితే వయొలిన్. "ఇంతమందిని ఇందులో ఎలా కూర్చోబెట్టార్రా!" అనేవారు. నేను అడాప్టరు తగిలించి, హెడ్‌ఫోన్ పిన్ను పెట్టే కన్నంలోంచి మైకుసెట్టుకి వైరు లాగుతుంటే, ఆయన కిరీటంతో సహా వంగి ఆ వైరుని బల్లకాలికి ముడేసేవారు, ఎవరి కాలికైనా తగిలి ఊడిపోతుందేమోనని. "మీరు రాజుగారండీ, వైర్లు కట్టకూడదు" అంటే, "రాజ్యం నడవాలంటే కరెంటుండాలి కదరా" అని నవ్వేవారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకి నా మీద కోపం. నాకు ఒకటో శ్రుతిలో తప్ప వేళ్ళు ఆడేవి కావు. మిగతా శ్రుతులు సాధన చెయ్యకుండా ట్రాన్స్‌పోజ్ బటన్ మీద బతికేసేవాణ్ణి. దాన్ని నొక్కితే వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి మొత్తం పైకో కిందికో జరుగుతుంది. ఎన్ని మెట్లు జరిగిందో చిన్న తెర మీద అంకె పడుతుంది. మాస్టారి గొంతుకి నాలుగు పడాలి. "బటన్ని నమ్ముకోకురా, వేళ్ళని నమ్ముకో" అని ఎన్నిసార్లు చెప్పారో. నేను నవ్వేసి ఊరుకునేవాణ్ణి. బద్ధకానికి తెలివి అని పేరు పెట్టుకునే వయసు నాది.

కడియంలో ఒక ఉత్సవానికి సాయంత్రం పూట మాస్టారి సీను ఒక్కటే పెట్టారు. ముందు ఒక అమ్మాయి ప్రార్థన పాడింది. ఆమె కోసం ఆరు పెట్టాను. తర్వాత మాస్టారు వచ్చారు, నేను శ్రుతి ఇచ్చాను. ఆయన రాగం అందుకోబోయి ఆగి, నా వైపు వంగి మెల్లగా, "శ్రుతి ఎత్తుగా ఉందేంట్రా ఈవేళ?" అన్నారు. నేను తెర వైపు చూడనైనా చూడలేదు.

"మీ శ్రుతేనండీ" అన్నాను.

ఆయన తలూపారు. తన గొంతు చెప్పినదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మారు.

పద్యం చివర రాగం పైకి తీసేచోట ఆయన గొంతు చీలిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ చీలింది. ఎప్పుడూ వన్స్‌మోర్ అని అరిచే జనం ఊరుకున్నారు. వెనకనుంచి ఎవడో ఈల వేశాడు. మిగతా పద్యాలు వచనంలా చదివేసి ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

వైర్లు పీకేటప్పుడు చూశాను. తెర మీద ఆరు ఉంది. గబుక్కున స్విచ్ ఆపేశాను. ఆపితే ఆ అంకె దానంతటదే పోతుంది, మళ్ళీ వేస్తే సున్నాయే కనిపిస్తుంది. ఇక నాకు తప్ప ఎవరికీ తెలిసే దారి లేదు.

లోపల మాస్టారు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "గొంతు అయిపోయింద్రా. పరువుండగానే దిగిపోవాలి" అన్నారు. అప్పటికి ఆయన ఉద్యోగంలోంచి రిటైరు కూడా అవలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. సమాజంలోంచి తీసేస్తారని భయపడ్డాను. ఆ తర్వాత ఎంతమంది బతిమాలినా ఆయన వేషం కట్టలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "ఏం వాయిస్తున్నావురా?" అని అడిగేవారు. నిజం నోటిదాకా వచ్చేది. "కాఫీ తాగుతారా మాస్టారూ?" అనేవాణ్ణి. పట్టుబట్టి అన్ని శ్రుతులూ నేర్చుకున్నాను కూడా. ఎవరికోసమో నాకే తెలీదు.

పదోరోజున వాళ్ళింటికి వెళ్ళాను. మాటల్లో పెద్దమ్మాయి అంది, "నాన్న రోజూ పొద్దున్నే పెరట్లో పాడుకునేవారండి. గొంతు ఖంగుమని మోగేది. మళ్ళీ వేషం వెయ్యొచ్చు కదా నాన్నా అంటే, ఇంట్లో పలుకుతుందమ్మా, స్టేజీ ఎక్కితే పలకదు అనేవారు."

ఇక ఆగలేక అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "ఇది నాన్నకి చెప్పుంటే బాగుండేదండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను పెరట్లోకి నడిచాను. వానలకి గడ్డి దట్టంగా లేచింది. నూతి పక్కన మాత్రం ఒక మనిషి నిలబడేంత మేర నేల బోడిగా, నున్నగా ఉంది.