తెల్ల పళ్ళెం మాయమయ్యే లోతు

ఆఫీసులో అందరూ ఆయన్ని పళ్ళెం బాబాయ్ అనేవారు. కాగితాల మీద ఉద్యోగం పేరు వేరే ఏదో ఉండేది గానీ, అది ఆయనకే సరిగ్గా గుర్తుండేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం మధ్యాహ్నం పడవలో వెళ్ళి, తాడుకు కట్టిన తెల్ల పళ్ళేన్ని సముద్రంలోకి దించడం ఆయన పని. అది కంటికి కనబడకుండా పోయేదాకా దించాలి. తాడుకు మీటరుకో ముడి. ఎన్ని ముడులు దిగాయో పుస్తకంలో రాయాలి. "దీనికి కూడా జీతమిస్తారా!" అని భార్య ఆటపట్టించేది.

నవ్వులాట కాదది. సముద్రంలో కంటికి ఆనని నాచు ఉంటుంది. చేపల బతుకంతా చివరికి దాని మీదే. ఆ నాచుకు వెలుగూ కావాలి, ఎరువూ కావాలి. వచ్చిన చిక్కల్లా, వెలుగు పైన, ఎరువు అడుగున. గాలి గట్టిగా వీచి నీళ్ళను కలియబెడితేనే రెండూ అందుతాయి. పైనీరు మరీ వేడెక్కిందా, గిన్నె మీద మూతలా కూర్చుంటుంది, అడుగునీరు పైకి రాదు. ఇక నాచుకు పస్తే. నాచు దండిగా ఉన్న నీళ్ళలో పళ్ళెం ఆరేడు ముడులకే మాయమవుతుంది. నాచు కరువైతే నీరు తేటపడి ఎంతో లోతుదాకా తెల్లగా కనిపిస్తుంది.

బావమరిది వల మీద బతికేవాడు. మంగళవారం వస్తే ఫోన్ చేసేవాడు.

"ఎన్ని ముడులు బావా?"

"ఏడేరా. మేత బోలెడుంది. చేప ఎటో తిరగడానికి పోయుంటుంది, రాకెక్కడికి పోతుంది?"

మూడేళ్ళుగా వాడి వల తేలిగ్గానే వస్తోంది. తోటివాళ్ళు పడవలు వదిలేసి గోదాములో పనికి కుదిరారు. వాడికీ పిలుపొచ్చింది. బావ మాట మీద ఉండిపోయాడు. ఆ ఖాళీ ఇంకెవరికో పోయింది.

ఆఫీసులో సీసాల్లో నీళ్ళు పరీక్షించే ఉద్యోగి రిటైరయ్యాక ఆ కుర్చీలో ఎవర్నీ వేయలేదు. పళ్ళెమే దిక్కు.

ఆ మంగళవారం కొత్తగా చేరిన మేడమ్ కూడా పడవెక్కింది. బాబాయ్ నీడపడే వైపు వంగి తాడు వదిలాడు.

"ఏడు. మాయం," అన్నాడు పుస్తకం తెరుస్తూ.

"ఇంకా కనిపిస్తోంది కదా బాబాయ్?"

"నీళ్ళ మెరుపమ్మా అది. కొత్తలో అందరికీ అలాగే అనిపిస్తుంది."

ఆమె తాడు అందుకుని దించుతూ పోయింది. ఎనిమిది. పది. పన్నెండు. బాబాయ్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. పద్నాలుగో ముడి దగ్గర ఆమె ఆగింది. ఆయనకు ఏడు దగ్గర్నించీ వట్టి నీళ్ళే.

"కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది బాబాయ్?" అందామె మెల్లగా.

గ్లాసు పక్కన నీళ్ళు పోస్తున్నాడని భార్య కేకలేయడం గుర్తొచ్చింది. వంటింట్లో వెలుగు చాలడంలేదని రెండుసార్లు బల్బు మార్చాడు. సముద్రం తేటపడుతున్నకొద్దీ ఆయన కళ్ళు మసకబారుతూ వచ్చాయి. రెండూ సరిగ్గా సరిపోయి, పుస్తకంలో ఏడు ఏడుగానే ఉండిపోయింది. ఏడు కొట్టేసి, పక్కన పద్నాలుగు వేశాడు.

రేవులో దిగేసరికి ఫోన్ మోగింది.

"ఎన్ని ముడులు బావా?"

"పద్నాలుగురా."

"ఒక్క వారంలోనే?"

"కాదు. ఎప్పట్నించో అంతే అయ్యుంటుంది. నాకే కనబడలేదు. నా కళ్ళు పోతున్నాయిరా."



"సరే బావా. ముందు డాక్టరుకు చూపించుకో," అన్నాడు వాడు.

నాలుగు తిట్టినా బాగుండేది. పై మంగళవారం బాబాయ్ రేవులో చీకటిపడేదాకా కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు.