రిమ్ముకు ఆనించిన చాక్‌పీసు

సిరిసిల్లలో మా ఇంటి ముందు గచ్చు మీద మోటారు బండికి డబల్ స్టాండు వేసి, వెనక చక్రం బెండు తీయడం మాకు ఆదివారం పని. నేను చక్రం తిప్పేవాణ్ణి. నా భార్య పక్కన పీట వేసుకుని, రిమ్ముకు తగిలీ తగలకుండా చాక్‌పీసు పట్టుకునేది. రిమ్ము పక్కకు వచ్చిన చోటల్లా తెల్లగా గీత పడాలి. ఏళ్ల తరబడి కండెలు చుట్టిన చెయ్యి అది, కొంచెం కూడా వణికేది కాదు.

వంకరంతా నా బుర్రలోనే ఉండేది. బట్ట నేసే సాంచాలు నడిపేవాణ్ణి కదా, పడుగులో ఒక్క పోగు వదులుగా కనబడినా నాకు ప్రాణం ఒప్పదు. స్పోకులను కూడా అలాగే వేలితో మీటి చూసి, మెత్తగా పలికినదాన్నల్లా బిగించేవాణ్ణి. మొదటిసారి అన్నీ ఒక్కలాగే ఖంగుమనేదాకా బిగించి తెగ మురిసిపోయాను. తిప్పి చూస్తే రిమ్ము మునుపటికంటే ఎక్కువ ఊగింది.

“గట్ల అన్నీ బిగిస్తె ఎట్లయ్యా? గీ దిక్కు జర వదులు చెయ్యి, గా దిక్కు బిగియ్యి. అప్పుడు నడిమికి అస్తది,” అంది.

“నువ్వెప్పుడు మెకానిక్‌వైనవే?” అన్నాను.

మూతి తిప్పి, చాక్‌పీసుతో నా ముక్కు మీద ఒక గీత గీసింది. ఆ పూట ఆమె చెప్పినట్టు చేస్తేనే చక్రం సరైంది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఆమె చనిపోయి రెండేళ్లు దాటింది. అప్పటి నుంచి బండి వెనక భాగం ఎగురుతోంది. చిన్న గుంతకే నడుము కలుక్కుమంటోంది. చక్రమే అనుకుని, చాక్‌పీసును ఒక ఇటుకకు దారంతో కట్టి ఒక్కణ్ణే కూర్చున్నాను. ఒక దిక్కు వదులు చేశాను, ఇంకో దిక్కు బిగించాను. మూడు ఆదివారాలు పోయాయి. గీత పడటం ఆగింది గానీ, రోడ్డెక్కితే మళ్లీ అదే ఎగురుడు. నువ్వన్నదే నిజమని ఒక్కసారైనా ఆమెతో అనకపోతినే అని బెంగ ముంచుకొచ్చి, ఆ ఇటుక ముందే కూర్చుని ఏడ్చాను.

చివరికి మొండితనం మానుకుని, కోరుట్లలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు అక్కడి మెకానిక్ భాయ్‌కి బండి చూపించాను. ఆయన చక్రం గిర్రున తిప్పాడు.

“చక్రంల ఏం లేదన్నా, మస్తు తిరుగుతున్నది. బెండు ఎవరు తీసిన్రు?”

“ఇంట్లనే తీసిన.”

ఆయన వంగి, సీటు కిందున్న షాకప్‌ల స్ప్రింగులు చూశాడు.

“గివి ఇద్దరు కూసునే లెక్కకు టైటు పెట్టి ఉన్నయ్. నువ్వు ఒక్కనివే తిరుగుతున్నవా? గందుకే ఎగురుతున్నది. రెండు నిమిషాల పని, ఒక్కనికి తగ్గిస్త.”

పాన పట్టుకుని నా మొహం వంక చూశాడు. నేను ఆమె కూర్చునే వెనక సీటు మీద చెయ్యి వేశాను.

“వద్దు భాయ్,” అన్నాను. “గట్లనే ఉండనియ్.”