ఎగువన కురిసిన వాన

నా చిన్నప్పుడు కృష్ణ నన్ను భయపెట్టింది వానాకాలపు ముసురులో కాదు, చిటపటలాడే ఎండలో. ఆ ఏడు ఆషాఢం సగం గడిచినా రాయచూరులో చినుకు పడలేదు. గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చి మొక్కుదామని మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని ఏటికి బయలుదేరింది.

మా వైపు కృష్ణలో నీళ్లకంటే బండలే ఎక్కువ. చీలమండ లోతు పాయ దాటి నడుమనున్న పెద్ద బండ ఎక్కాం. నీటి అంచున ఒక రాతికి నాయనమ్మ పసుపు రాసి బొట్టు పెట్టింది. తెచ్చుకున్న జొన్నరొట్టెలు తిన్నాక చేయి కడుక్కోబోతే ఆ రాయి కనబడలేదు. అమ్మవారు మొక్కు అందుకుందని నేను సంబరపడ్డాను. నాయనమ్మ వచ్చి చూసింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

“ఈడ వాననే లేదు కద, గిన్ని నీళ్లు యాడికెల్లి వచ్చినయి?” అన్నాను.

“పైన కొండలల్ల పడ్డది బిడ్డా. నడువు.”

మేం దాటి వచ్చిన పాయ అప్పటికే నా నడుము దాకా పొంగింది. నేను ఏడుపు లంకించుకున్నాను. నాయనమ్మ నా మణికట్టు పట్టుకొని, ఆ నీళ్లు వచ్చిన దారి చెప్పడం మొదలుపెట్టింది. మాది కిరాణా దుకాణం; ఏ సరుకు ఏ ఊరిదో, ఆ ఊరు ఏ ఏటి ఒడ్డునుందో ఆమెకు కంఠోపాఠం. ఆమె ఒక పేరు చెబితే నేను తిరిగి చెప్పి ఒక అడుగు వేయాలి. మహాబలేశ్వరం కొండ. మా పసుపు వచ్చే సాంగ్లి. మలప్రభ కలిసే కూడలసంగమం. భీమ కలిసే చోటికి వచ్చేసరికి నీళ్లు నా గొంతు దాకా వచ్చాయి, కాళ్లు తేలిపోయాయి. చచ్చిపోతాననుకున్నాను. ఆమె మాత్రం దుకాణంలో సరుకు అడిగినంత నింపాదిగా, “అటెనక ఏ ఊరొస్తది?” అని అడిగింది. మన ఊరే అన్నాను. కాళ్లకు ఇసుక తగిలింది.

ఒడ్డున కూలబడ్డాక చూస్తే నా గాజులు ఆమె పిడికిట్లో చిట్లి ఉన్నాయి. ఆమె వేళ్లు విప్పుదామంటే రాలేదు. నీకు భయం కాలేదా అని అడిగాను.

“శానా అయింది. గందుకే గా ఊర్ల పేర్లు చదివిన,” అంది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మనవలు ఎండ బాగుందని ఏటికి స్నానానికి పోతామంటే, ఎగువన వానలెట్లా ఉన్నాయో కనుక్కోమంటాను. నవ్వుకుంటూనే ఫోనులో చూసి చెబుతారు. మబ్బు తునక లేని రోజే నాకు కృష్ణ అంటే ఎక్కువ భయం. ఆ భయం పోవాలని నేనేనాడూ కోరుకోలేదు.