కాళ్ళు లేని ఎద్దు

మొన్న మా చిన్నమ్మాయి బడిలో పిల్లలు వేసిన జంతువుల బొమ్మలు గోడల నిండా అంటించి పెట్టారు. మీసాలతో సహా దిద్దిన పిల్లి మొదలుకొని రెండు గీతల్లో ఎగిరిపోతున్న కొంగ దాకా ఉన్నాయి. ఆ కొంగ దగ్గర పంతులమ్మ ఆగి, గీసిన పాపను దగ్గరికి తీసుకొని మెచ్చుకుంటుంటే నాకక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మా చెల్లెలు పోయి ఏడాదైంది. ఆమె పిల్లలకు తెలియని మాట ఒకటి నేను చెప్పవలసి ఉంది.

కురుగోడు పక్కన మా పల్లెకు కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన రోజులవి. మన ఈడు వారికి గుర్తుండే ఉంటుంది, కారహుణ్ణిమె నాడు, అదే మన ఏరువాక పున్నమికి, ఎద్దుల కొమ్ములకు రంగులద్ది సాయంత్రం పరుగు తీయించేవారు. పొద్దున్నే ఇంటి పిల్లలు ఎర్రజాజు కలిపి వాకిలి గోడ మీద ఎద్దు బొమ్మ వేయడం మా ఇంటి ఆచారం. ఆ యేడు నేను గిట్టలు, గంటలు, ముకుతాడుతో సహా వేశాను. ఎనిమిదేళ్ళ చెల్లెలు ఒక మూపురం, రెండు కొమ్ములు, గాలిలోకి లేచిన తోక మాత్రం గీసి చేయి కడుక్కుంది. మా అవ్వ చూసి, "ఏం పాపా, కాళ్ళు లేని ఎద్దు యాడన్నా ఉండాదా?" అని నవ్వితే, "ఉరుకుతాండాది గదవ్వా, కాళ్ళు యాడ కనపడతాయి?" అంది.

గోడ మీద కదులుతున్నది చెల్లెలి ఎద్దే. ఆ సంగతి నాకప్పుడే తెలుసు, తెలిసే ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం, నాన్న వద్దన్న కాలువ గట్టు మీదికి, కంకర కుప్పల నడుమకు ఎద్దును తోలింది నేను. దాని ముందరి కాలు విరిగింది. కుంటించుకుంటూ ఎట్లాగో దొడ్డికి తెచ్చి, గట్టు మాట దాచి, సాపు దారిలోనే ఉత్తపుణ్యానికి కూలబడిందని, చెల్లెలు కాళ్ళు లేకుండా గీసినందుకే ఇలా అయిందని ఏడ్చాను. పండగ పూట ఆ మాట అందరికీ తగిలింది. పొద్దున నవ్విన అవ్వే ఆ బొమ్మను చెల్లెలి చేతే కడిగించింది. పది రోజులకు ఎద్దు చచ్చిపోయింది.

ఆ తరువాత ఆమె వాకిట్లో ముగ్గు కూడా వేయలేదు. పెళ్ళిళ్ళలో మేనత్తలు "దానికి ముగ్గుపిండి ఇయ్యాకండమ్మా, ఎవురి కాళ్ళు పోతాయో" అని ఎగతాళి చేస్తే ఆమె నవ్వేది. ఆ నవ్వులో ఏముందో తెలిసి కూడా, ఆమె ఉన్నన్నాళ్ళూ నేనూ కలిసి నవ్వాను.

ఇప్పుడు మా పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. బొమ్మ వల్ల ఎద్దు కాలు విరిగిందంటే మా ఇంట్లో పసివాళ్ళు కూడా నమ్మరు. ఈ రోజుల్లో ఒక్క పూట నిలవని అబద్ధం ఆ రోజుల్లో ఒక మనిషి బతుకంతా నిలిచింది. ఇప్పుడు నిజం చెప్పడానికి నాకు ధైర్యమేమీ అక్కర్లేదు. ధైర్యం కావలసిన రోజుల్లో ఆమె బతికి ఉంది.