ముప్ఫై ఏడో లింకు

"పైకి చూస్తే ఏమీ మారలేదమ్మాయ్. నన్ను మోసం చేసింది అదే," అంటూ మావయ్య వంటింటి సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళలో బురద ఎప్పుడో పోయింది. ఆయన మాత్రం కుళాయి కట్టలేదు.

మేనకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన చెబుతుంటే అడ్డు తగలకూడదని ఆమెకు చిన్నప్పుడే తెలుసు.

ముప్ఫై ఏళ్ళుగా మావయ్య పని వంతెన కింద ఏటి అడుగును కనిపెట్టుకుని ఉండడం. వానలకు ముందు వంద గులకరాళ్ళకు పసుపు రంగు వేసి స్తంభం పక్కన పేరుస్తాడు. వరద తీశాక ఏది ఎంత దూరం పోయిందో వెతికి కొలుస్తాడు.

"నాకు చీర కొనాలంటే నెల్లాళ్ళు ఆలోచన. రాళ్ళకు మాత్రం డబ్బాలకు డబ్బాలు రంగు," అంది అత్తయ్య కూరగాయలు తరుగుతూ. ఆయన చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

ఈసారి వరద తీశాక ఒక్క పసుపు రాయీ కనబడలేదు. అడుగు ఎత్తు మాత్రం పాత కొలతే, వేలెడు తేడా లేదు. ఎప్పట్లాగే 'మార్పు లేదు' అని రాసి, సంతకం పెట్టి, నిన్న ఆఫీసులో ఇచ్చేశాడు. ఆ కాగితం చూసుకునే, వరదకు మూసేసిన వంతెన మీద స్కూటర్లను వదిలారు. రేపు పొద్దున్నించి బస్సులు.

"రాళ్ళన్నీ పోయి, అడుగు మాత్రం అలాగే ఎలా ఉందా అని మనసు పీకింది. పొద్దున్నే పార పట్టుకెళ్ళాను. ఎనిమిదేళ్ళ కిందట నేనే స్తంభం పక్కన ఓ గొలుసు నిలువుగా పాతాను. నలభై లింకులు, సరిగ్గా పునాది లోతు. వరద రాళ్ళను తవ్వుకుపోయినంత మేరా గొలుసు పక్కకి వాలిపోతుంది. వరద తగ్గేటప్పుడు పైనుంచి వచ్చిన రాళ్ళు దాన్ని కప్పేస్తాయి."

"ఎక్కడ వంగింది?"

"పదో లింకు దగ్గర ఉంటుందనుకున్నా. పది దాటింది. ఇరవై దాటింది. నడుం లోతు గోతిలో, ఊరే నీళ్ళు తోడుకుంటూ లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు."

అత్తయ్య చేతిలో కత్తి ఆగిపోయింది.

మావయ్య జేబులోంచి పసుపు రాయి తీసి బల్ల మీద పెట్టాడు. అదీ ఆ గోతి అడుగునే దొరికిందట.

"వరద వచ్చిన రోజు చూద్దాం రమ్మని, వద్దంటున్నా చెయ్యి పట్టుకుని వంతెన మీద సరిగ్గా ఆ స్తంభం పైనే నిలబెట్టారు," అంది అత్తయ్య మెల్లగా. "ఏం కాదు, నాకు తెలిసిన అడుగు అన్నారు."

"పునాదికి కింద బెత్తెడే పట్టు మిగిలింది," అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళూ అడుగుని వరద వెళ్ళిపోయాకే చూశానే. ఉన్నప్పుడు ఏం చేసిందో ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు నిండినవన్నీ వదులు రాళ్ళు. మళ్ళీ నీళ్ళొస్తే ఎంతసేపు ఆగుతాయి?"

మేనకోడలు కుర్చీలోంచి లేచింది. గంట కిందట ఆమె వచ్చింది ఆ వంతెన మీంచే.

"ఆఫీసుకి ఫోన్ చేస్తే, నిన్న సంతకం పెట్టింది మీరేగా అని నవ్వుతున్నారమ్మా." ఆయన మడిచిన కాగితం ఆమె చేతికిచ్చాడు. "నిన్నటిది నా తప్పేనని రాశాను. ఈ రాయి, ఇదీ ఇంజనీరు చేతికే ఇవ్వు. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. నేనీలోగా వంతెన దగ్గర స్కూటర్లను ఆపుతాను. నమ్మకపోతే గొయ్యి పూడ్చలేదు, వచ్చి లెక్కపెట్టుకోమను. దూరమైనా దిగువ వంతెన మీదుగా వెళ్ళు తల్లీ."